కోట, కోత: పసి చెవి వదులుకునే ధ్వనులు

'కోట', 'కోత' – ఈ రెండు మాటల మధ్య తేడా తెలుగువారికి వివరించనక్కరలేదు. ఇంగ్లీషు మాత్రమే వింటూ పెరిగిన అమెరికన్లలో చాలామందికి మాత్రం ఆ తేడా అందదు. వారి చెవిలో లోపమేమీ లేదు. నాలుకను పళ్ళకు తాకించి పలికే తకారానికీ, వెనక్కి మడిచి పలికే టకారానికీ నడుమ, పంటి చిగుళ్ళ దగ్గర పుట్టే ఒకే ధ్వని ఇంగ్లీషులో ఉంది. మెదడు ఈ రెంటినీ తెచ్చి ఆ ఒక్క అరలోనే వేస్తుంది.

ఇది పుట్టుకతో వచ్చిన స్థితి కాదు. కెనడాకు చెందిన జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో శిశువులకు ఒకే అక్షరాన్ని పదేపదే వినిపించారు. ధ్వని మారినప్పుడు పాప తల తిప్పితే పక్కనే ఒక బొమ్మ వెలుగుతూ కదిలేది. ఇంగ్లీషు కుటుంబాల శిశువులు 6–8 నెలల వయసులో హిందీలోని త–ట భేదాన్ని చక్కగా పట్టారు. 10–12 నెలలకు ఆ శక్తి చాలామందిలో సన్నగిల్లింది. తొలి పుట్టినరోజు నాటికే, ఏ తేడాలు పట్టించుకోవాలో మెదడు చాలావరకు తేల్చుకుంటున్నదన్నమాట.

చూపు సంగతీ ఇంతే. 1960లలో హార్వర్డ్‌లో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ పిల్లికూనల ఒక కంటి రెప్పను కొన్ని వారాలపాటు కుట్టివేశారు. తెరిచాక కన్ను బాగానే ఉంది. మెదడులోని దృశ్యకేంద్రపు కణాలు మాత్రం దానికి దాదాపుగా స్పందించడం మానేశాయి. ఎదిగిన పిల్లికి అదే పని చేస్తే అలా జరగలేదు. (1981 నోబెల్ బహుమతిలో వీరిద్దరికీ భాగం దక్కింది.) పుట్టుకతో వచ్చిన శుక్లాన్ని పసిపాపకు వారాల వయసులోనే తీసివేయాలని వైద్యులు తొందరపడేది ఇందుకే.

అయితే ఆ గడువు దాటితే అంతా ముగిసినట్టేనని అనుకోనక్కరలేదు. ఎం.ఐ.టి. ఆచార్యుడు పవన్ సిన్హా 'ప్రాజెక్ట్ ప్రకాశ్' ద్వారా భారతదేశంలో పుట్టుగుడ్డి పిల్లలకు శస్త్రచికిత్సలు చేయిస్తున్నారు. 2011లో ఆయన బృందం 8–17 ఏళ్ళ మధ్యనున్న అయిదుగురి ఫలితాలు ప్రకటించింది. చేతితో తడిమిన వస్తువును, చూపు వచ్చిన వెంటనే, కంటితో గుర్తించలేకపోయారు. కొద్ది రోజుల్లోనే ఆ పని చేయగలిగినవారూ వారిలో ఉన్నారు.

మన ఇళ్ళకు నేరుగా తగిలేది సియాటిల్‌లో పట్రీషియా కూల్ 2003లో ప్రచురించిన ప్రయోగం. తొమ్మిది నెలల అమెరికన్ శిశువులతో చైనా వారు మాండరిన్‌లో మాట్లాడుతూ, పుస్తకాలు చదువుతూ, ఆటలాడారు. మొత్తం 12 విడతలు, ఒక్కొక్కటి అరగంట లోపే. ఆ పిల్లలు మాండరిన్ ధ్వనిభేదాలను తైవాన్ శిశువులకు దీటుగా పట్టారు. అవే మాటలను వీడియోలో చూసిన వారికీ, ఆడియోలో విన్నవారికీ ఏమీ పట్టుబడలేదు. ఎదురు పలికే వీడియో కాల్‌ను ఈ ఫలితంతో తూచడం తొందరపాటే కావచ్చు. ముందే చిత్రించిన తెలుగు పాటలను టాబ్లెట్‌లో పెట్టి పాప ముందుంచడం మాత్రం అచ్చంగా ఆ విఫలప్రయోగమే. సందర్శక వీసా మీద అమ్మమ్మ వచ్చి ఉండే ఆరు నెలలు పాప తొలి ఏడాదిలోనే పడితే, ఆమె ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పే కబుర్ల విలువ వేరు.