కనపడని సర్వర్ డిస్కు పోయినట్టేనా? అపోహలు – వాస్తవాలు

పెళ్లిళ్ల సీజన్‌లో తెనాలిలోనో బాపట్లలోనో ఒక స్టూడియోకు ఎంత చోటు కావాలో లెక్క వేసి చూడండి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కే వీడియో తీసే కెమెరా గంటకు 45 జీబీ నింపుతుంది. రెండు కెమెరాలు ఆరేసి గంటలు తిరిగితే ఒక్క పెళ్లికే 540 జీబీ. ఫొటోలు, డ్రోన్ షాట్లు వేరే. రేపల్లె వైపు రొయ్యల చెరువుల దగ్గర రాత్రింబవళ్లు కాపలా కాసే సీసీ కెమెరాలూ ఇలాగే చోటు మింగేస్తాయి. అందుకే సర్వర్ల కోసం తయారైన ఎంటర్‌ప్రైజ్ హార్డ్‌డిస్కుల మీదికి చూపు వెళుతుంది. డేటా సెంటర్లలో కొన్నేళ్లు తిరిగి బయటికొచ్చిన 8, 10, 12 టీబీ డిస్కులు కొత్తవాటి ధర కన్నా బాగా తక్కువకు వస్తాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్ నుంచో, చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో, ఆన్‌లైన్‌లోనో తెప్పించి కంప్యూటర్‌లో బిగిస్తారు. కనపడదు.

పక్కన ఎవరో ఒకరు “డిస్కు పోయింది” అనేస్తారు. నష్టం ఆ మాటతోనే మొదలవుతుంది. బాగున్న డిస్కు తిరుగు టపాలో వెళుతుంది. అంతకన్నా ఘోరం, డేటా ఉన్న డిస్కుకు లేనిపోని ప్రయోగాలు చేస్తారు.

“కనపడలేదు” అనే ఒక్క మాటలో నాలుగు వేర్వేరు పరిస్థితులున్నాయి. డిస్కు అసలు తిరగకపోవచ్చు. తిరుగుతున్నా బయోస్‌లో పేరు లేకపోవచ్చు. బయోస్‌లో పేరు ఉన్నా, విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సైజు తప్పుగానో సున్నాగానో కనిపించవచ్చు. అక్కడా సరిగ్గానే ఉండి, దిస్ పీసీలో డ్రైవ్ అక్షరం మాత్రమే రాకపోవచ్చు. ఇందులో మనది ఏదో తేల్చుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోకూడదు.

అపోహ: డిస్కు తిరగడం లేదు, చప్పుడు లేదు, కాబట్టి చచ్చిపోయింది.

ఎంటర్‌ప్రైజ్ డిస్కుల విషయంలో అన్నిటికన్నా ఎక్కువమందిని మోసం చేసేది ఇదే. సాటా పవర్ కనెక్టర్‌లో 15 పిన్నులుంటాయి. పాత ప్రమాణం ప్రకారం మొదటి మూడింటికీ 3.3 వోల్టులు అందాలి. 3.5 అంగుళాల డిస్కులు ఆ కరెంటును దాదాపుగా వాడుకోలేదు. వాటికి 5, 12 వోల్టులు చాలు. 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణం ఈ ఖాళీగా పడున్న మూడో పిన్నుకు కొత్త పని అప్పగించింది. దాని పేరు పవర్ డిజేబుల్. ఆ పిన్ను మీద వోల్టేజి ఉన్నంతసేపూ డిస్కు ఆగిపోయి ఉండాలి, తీసేస్తే మళ్లీ లేవాలి.

వేల డిస్కులున్న డేటా సెంటర్‌లో ఇది గొప్ప సదుపాయం. మొండికేసిన డిస్కును మనిషి వెళ్లి ఊడదీసి పెట్టక్కర్లేదు, దూరం నుంచే ఆపి లేపవచ్చు. కానీ అదే డిస్కును మన ఇంటి కంప్యూటర్‌లో పెట్టినప్పుడు ఏమవుతుంది? పాత పద్ధతిలో చేసిన ఎస్‌ఎంపీఎస్ ఆ మూడో పిన్నుకు ఎప్పుడూ 3.3 వోల్టులు పంపుతూనే ఉంటుంది. డిస్కు దాన్ని “ఆగు” అనే ఆజ్ఞగా తీసుకుని ఆగిపోతుంది. మోటారు కదలదు, టిక్కుమనదు, బయోస్‌కు జవాబివ్వదు. చెప్పిన పనే చేస్తున్న డిస్కును మనం చచ్చిందంటున్నాం.

వెస్టర్న్ డిజిటల్ వారి అల్ట్రాస్టార్ డిస్కుల్లో ఇది తరచుగా ఎదురవుతుంది. అదే కంపెనీ యూఎస్‌బీ బాక్సుల్లోంచి ఊడదీసిన తెల్ల లేబుల్ డిస్కుల్లోనూ ఉంటుంది. ఒకే సామర్థ్యం ఉన్న డిస్కు ఈ సదుపాయంతో ఒక రకంగా, లేకుండా మరో రకంగా వస్తుంది. మోడల్ నంబరు చివరి అక్షరాల్లో తేడా ఉంటుంది కనుక, నంబరు మొత్తం తీసుకుని తయారీదారు డేటాషీట్‌లో పవర్ డిజేబుల్ ఉందో లేదో చూసుకోవాలి.

మందు సులువే. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే పాత నాలుగు పిన్నుల మోలెక్స్ వైరు చూడండి. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, రెండు నలుపు గ్రౌండ్. సాటా వైరులో 3.3 వోల్టులు మోసే నారింజ తీగ ఇందులో లేనే లేదు. కాబట్టి మోలెక్స్ నుంచి సాటాకు మార్చే అడాప్టర్ పెట్టగానే డిస్కు తిరగడం మొదలుపెడుతుంది. అడాప్టర్ కొనేటప్పుడు ఒక్కటి గట్టిగా చూసుకోండి. తీగలను ప్లాస్టిక్‌లో ముద్దగా పోతపోసిన రకం వద్దు. లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సంఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి. ఒక్కో తీగ విడిగా పిన్నుకు నొక్కి బిగించిన రకం తీసుకోవాలి.

మోలెక్స్ వైరు లేకపోతే రెండో దారి డిస్కు మూడో పిన్నును టేపుతో కప్పడం. డేటా కనెక్టర్ వైపు నుంచి లెక్కపెడితే పవర్ పిన్నుల్లో మూడోది. మొదటి మూడింటినీ కలిపి కప్పినా నష్టం లేదు. సెల్లోటేపు మాత్రం వాడొద్దు, వేడికి జిగురు జారి పక్క పిన్నులకు అంటుతుంది. మొబైల్ రిపేరు షాపుల్లో ఉండే బంగారు రంగు కాప్టన్ టేపు దీనికి సరైనది. సన్నటి ముక్క అడిగితే ఏ షాపులోనైనా ఇస్తారు.

అపోహ: ఎస్‌ఎంపీఎస్ చాలలేదు, పెద్దది వేయాలి.

3.5 అంగుళాల డిస్కు లేచే క్షణంలో 12 వోల్టుల తీగ మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది, అంటే 24 వాట్లు. తర్వాత పది వాట్ల లోపే. సక్రమంగా పనిచేసే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు ఒక్క డిస్కు బరువు కానే కాదు. మరి కొత్త ఎస్‌ఎంపీఎస్ వేయగానే డిస్కు వచ్చిందని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారా? లేదు. కొన్ని కొత్త ఎస్‌ఎంపీఎస్‌ల సాటా వైర్లలో 3.3 వోల్టుల తీగను తీసేశారు. డిస్కు అందుకే లేచింది. చూసినవాళ్లు వాట్లు పెరగడం వల్లే లేచిందనుకున్నారు. రెండు వందల రూపాయల లోపు అడాప్టర్‌తో పోయేదానికి వేలు ఖర్చవుతున్నాయంటే, ఈ పొరపాటు తర్కం ఊరూరా తిరుగుతూ ఉండడమే కారణం.

అపోహ: యూఎస్‌బీ బాక్సులో పనిచేస్తోంది, కంప్యూటర్‌లో పనిచేయడం లేదు. మదర్‌బోర్డు పాడైంది.

పై విషయం తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. చాలా యూఎస్‌బీ బాక్సులు, డాక్‌లు మూడో పిన్నుకు వోల్టేజి ఇవ్వవు. బాక్సులో తిరిగి కేబినెట్‌లో తిరగకపోతే మదర్‌బోర్డును కాదు, మూడో పిన్నునే అనుమానించాలి.

దీనికి మరో రూపం కూడా ఉంది. బాక్సులో ఉండగా ఫైళ్లన్నీ బాగా కనిపించిన డిస్కును లోపల బిగిస్తే, విండోస్ “ఫార్మాట్ చేయాలా” అని అడుగుతుంది. కొన్ని బాక్సులు డిస్కు సెక్టర్ సైజును మార్చి చూపిస్తాయి, కొన్ని డేటాను లోపలి చిప్‌తో ఎన్‌క్రిప్ట్ చేస్తాయి. నేరుగా బిగించినప్పుడు ఆ మధ్యవర్తి లేడు కనుక విండోస్‌కు ఏమీ అర్థం కాదు. ఆ ప్రశ్నకు అవునని నొక్కకండి. డిస్కును మళ్లీ అదే బాక్సులో పెట్టి, ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకున్నాకే ముందుకు వెళ్లండి.

అపోహ: అడాప్టర్ ఉంటే సాస్ డిస్కు కూడా మామూలు కంప్యూటర్‌కు పనిచేస్తుంది.

చవకగా వచ్చిందని కొన్నాక, అది సాటా కాదు, సర్వర్లలో వాడే సాస్ అనే వేరే కనెక్షన్ రకం డిస్కు అని తెలుసుకునేవాళ్లు తక్కువేమీ కాదు. డిస్కు వెనక చూస్తే చాలు, తేడా తెలిసిపోతుంది. సాటా డిస్కులో డేటా భాగానికీ పవర్ భాగానికీ మధ్య ఖాళీ ఉంటుంది. సాస్ డిస్కులో ఆ ఖాళీ ప్లాస్టిక్‌తో నిండి ఉంటుంది. సాటా వైరు దూరకుండా కావాలనే అలా చేశారు. మార్కెట్లో దొరికే చిన్న సాస్–సాటా అడాప్టర్ తీగలను మాత్రమే కలుపుతుంది. మదర్‌బోర్డు సాటా పోర్టుకు సాస్ భాష రాదు. తిరగేస్తే పరవాలేదు, సాస్ కార్డుకు సాటా డిస్కు తగిలిస్తే పనిచేస్తుంది.

సాస్ డిస్కు వాడాలంటే హెచ్‌బీఏ కార్డు కావాలి. ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ, 9207-8ఐ, 9300-8ఐ సెకండ్‌హ్యాండ్‌లో బాగా దొరికే రకాలు. ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ ఉన్నది తీసుకుంటే రెయిడ్ గొడవ లేకుండా డిస్కులు నేరుగా కనిపిస్తాయి. గ్రాఫిక్స్ కార్డు పెట్టే పొడుగాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో ఇది కూర్చుంటుంది. సర్వర్‌లోని హోరుగాలికి అలవాటైన కార్డు కనుక హీట్‌సింక్ మీద చిన్న ఫ్యాను తప్పనిసరి, మన మే నెల ఎండల్లో మరీను. కార్డు, వైరు, ఫ్యాను ఖర్చు కలిపితే ఒక్క డిస్కు కోసం ఇదంతా దండగ. నాలుగైదు డిస్కులుంటేనే గిట్టుబాటు.

కార్డు పెట్టినా సైజు సున్నా చూపిస్తోందా? నెట్‌యాప్, ఈఎంసీ లాంటి స్టోరేజీ పెట్టెల నుంచి వచ్చిన డిస్కుల్లో సెక్టర్ 512 బైట్లు కాకుండా 520 ఉంటుంది. అదనపు 8 బైట్లలో ఆ పెట్టె తన సరిచూపు లెక్క రాసుకుంటుంది. విండోస్‌కు అది పనికిరాదు. లినక్స్‌లో ఎస్‌జీ ఫార్మాట్ అనే ప్రోగ్రాంతో 512కు మార్చవచ్చు. పాత డేటా మొత్తం పోతుంది, పెద్ద డిస్కుకు గంటల తరబడి పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే, కాబట్టి యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు.

అపోహ: దిస్ పీసీలో లేదంటే డిస్కు లేనట్టే.

కొత్త డిస్కుకు పార్టిషన్ ఉండదు, అక్షరమూ ఉండదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి జీపీటీ ఎంచుకుని కొత్త వాల్యూమ్ చేస్తే సరి. ఎంబీఆర్ ఎంచుకుంటే 512 బైట్ల సెక్టర్లతో 2.2 టీబీ దాటి వాడుకోలేరు. పాత స్టోరేజ్ డ్రైవర్లు 3 టీబీ డిస్కును 746 జీబీగా చూపించడం కూడా ఈ హద్దు సంగతే. విండోస్ 7 ఇంకా నడుస్తున్న పాత కంప్యూటర్‌లో 4కేఎన్ (4096 బైట్ల సెక్టర్లున్న) డిస్కు పనికిరాదు, విండోస్ 8 నుంచే ఆ సదుపాయం ఉంది. ఇవన్నీ ఖాళీ డిస్కు సంగతి. డేటా ఉందని తెలిసిన డిస్కుకు విండోస్ “ఇనిషియలైజ్” చేయమంటే మాత్రం క్యాన్సిల్ నొక్కి ఆగాలి.

ఎం.2 ఎస్‌ఎస్‌డీ పెట్టిన రోజునుంచే సాటా డిస్కు మాయమైతే మదర్‌బోర్డు మాన్యువల్ చూడండి. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాట్ నిండితే ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోతాయి. వైరు పక్క పోర్టుకు మార్చడమే పని.

అపోహ: సముద్రం దగ్గర ఉప్పుగాలికి డిస్కు లోపల తుప్పు పట్టింది.

సూర్యలంక తీరం పక్కనే ఉన్న బాపట్లలో ఈ మాట సహజంగానే వినిపిస్తుంది. మామూలు డిస్కుకు గాలి ఆడే చిన్న రంధ్రం ఉన్నా, దాని వెనక ఫిల్టర్ ఉంటుంది. పెద్ద ఎంటర్‌ప్రైజ్ డిస్కుల్లో చాలావాటికి ఆ రంధ్రమే లేదు. లోపల హీలియం నింపి పూర్తిగా మూసేస్తారు. హెచ్‌జీఎస్‌టీ కంపెనీ 2013లో 6 టీబీ అల్ట్రాస్టార్ హీ6తో ఈ పద్ధతిని మార్కెట్‌లోకి తెచ్చింది. ఉప్పుగాలి దెబ్బ తీసేది బయటి కనెక్టర్లను, వైర్ల చివరలను, ఎస్‌ఎంపీఎస్ లోపలి బోర్డును. అందుకే మన తీరప్రాంతంలో సాటా వైరు మార్చి చూడడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పరీక్ష. క్లిప్పు ఉన్న కొత్త వైరు, వేరే పోర్టు, పవర్‌కు వేరే వైరు.

అపోహ: ఫ్రిజ్‌లో పెడితే, తడితే, బోర్డు మారిస్తే లేస్తుంది.

దయచేసి ఇవేవీ చేయకండి. కృష్ణా డెల్టా ఉక్కపోతలో ఫ్రిజ్ నుంచి తీసిన డిస్కు మీద నిమిషాల్లో నీటి బిందువులు పడతాయి, కరెంటు ఇవ్వగానే బోర్డు కాలిపోవచ్చు. రీడ్ హెడ్ ప్లేటుకు కొన్ని నానోమీటర్ల ఎత్తులో ఎగురుతుంది. తట్టే దెబ్బకు ఆ ఎడం నిలవదు. అదే మోడల్ ఇంకో డిస్కు బోర్డు తెచ్చి వేసినా ఫలితం లేదు. ఇప్పటి బోర్డుల్లో ఆ ఒక్క డిస్కుకే చెందిన కొలతలు రోమ్ చిప్పులో ఉంటాయి. ఆ చిప్పు కూడా మార్చకపోతే కొత్త బోర్డు ఆ ప్లేట్లను చదవలేదు. టక్ టక్‌మని లయగా కొడుతుంటే వెంటనే కరెంటు తీసేయండి. ఆన్ చేసిన ప్రతిసారీ రికవరీకి మిగిలేది తగ్గిపోతుంది. ఒక ఇంటి పెళ్లి వీడియో మళ్లీ తీయగలిగేది కాదు. అలాంటి డిస్కు క్లీన్‌రూం ఉన్న రికవరీ కేంద్రానికే వెళ్లాలి.

అపోహ: 25 లక్షల గంటల ఎంటీబీఎఫ్ (చెడిపోయే మధ్య సగటు కాలం) అని రాసి ఉంది, సెకండ్‌హ్యాండ్ అయినా భయం లేదు.

అలా లెక్కేస్తే 285 ఏళ్లు వస్తుంది, ఏ డిస్కూ అంతకాలం బతకదు. అది వేల డిస్కుల గుంపులో ఏడాదికి ఎన్ని చెడిపోతాయో చెప్పే అంకె, సుమారు 0.35 శాతం, అదీ అయిదేళ్ల వారంటీ కాలానికి. వాడిన గంటలు, డిస్కు తన గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్టులో చూసుకోవచ్చు, కానీ దాన్నీ గుడ్డిగా నమ్మలేం. 2025 మొదట్లో, వాడేసిన సీగేట్ ఎక్సోస్ డిస్కుల స్మార్ట్ గంటలను సున్నా చేసి కొత్తవిగా అమ్మిన వ్యవహారం ఐరోపాలో బయటపడింది. సీగేట్ డిస్కుల్లో ఫార్మ్ అనే మరో లెక్క విడిగా ఉంటుంది, మోసం దాంతోనే దొరికింది. స్మార్ట్‌మాన్‌టూల్స్ కొత్త వెర్షన్‌తో ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. సర్వర్ కంపెనీల పేరుతో వచ్చిన డిస్కులకు అసలు తయారీదారు నేరుగా వారంటీ ఇవ్వకపోవచ్చు. డబ్బు కట్టకముందే సీరియల్ నంబరు అడిగి తీసుకుని, తయారీదారు వెబ్‌సైట్‌లో వారంటీ చూసుకోండి. అదే ఫోన్‌లో మరో రెండు ప్రశ్నలు అడగండి: సాటానా, సాసా? పవర్ డిజేబుల్ ఉందా?