ఊగనిస్తే నిలబడుతుంది!

1960 మే 22న దక్షిణ చిలీని 9.5 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. పరికరాల్లో నమోదైనవాటిలో ఇప్పటికీ అదే అతి పెద్దది. ఆ తర్వాత అక్కడి నష్టాన్ని పరిశీలించిన ఇంజినీర్లకు ఓ వింత కనిపించింది. కుదురుగా, దిట్టంగా ఉన్న కాంక్రీటు వాటర్ ట్యాంకులు బాగా దెబ్బతిన్నాయి. ఇంత గాలికే పడిపోతాయేమో అనిపించే ఒంటికాలి ట్యాంకులు కొన్ని మాత్రం నిలిచి ఉన్నాయి.

కాల్‌టెక్ ఆచార్యుడు జార్జ్ హౌస్నర్ 1963లో దీని లెక్క తేల్చారు. పునాదికి బిగిసిన కట్టడం నేల ఊపును తప్పించుకోలేదు. ఆ ఒంటికాలి ట్యాంకుల్లా అడుగు ఒకవైపు కాస్త లేచి, రెండో అంచు మీద ఒరిగి, మళ్లీ కుదురుకునే వీలుంటే దానిలోకి ఎక్కే బలానికి హద్దు పడుతుంది. దాన్ని పడగొట్టాలంటే తోపు గట్టిగా ఉంటే చాలదు, కాసేపు అటే తోయాలి. భూకంపం అంత వ్యవధి ఇవ్వదు, క్షణంలో దిక్కు మార్చేస్తుంది. అందుకే అచ్చంగా ఒకే ఆకారంలో ఉన్న రెండు దిమ్మల్లో పెద్దదాన్ని పడగొట్టడమే కష్టం. అలాగని మన ఊళ్లలోని ఒంటికాలి ట్యాంకుల విషయంలో ధీమా పనికిరాదు. అవి పునాదికి బిగించినవి. 2001 భుజ్ భూకంపంలో అలాంటి చాలా ట్యాంకుల కాండాలకు అడుగున చుట్టూ పగుళ్లొచ్చాయి.

న్యూజిలాండ్ వాళ్లు ఈ సూత్రాన్ని నమ్మి ఏకంగా రైలు వంతెనే కట్టారు. 1981లో రైళ్లకు తెరిచిన సౌత్ రంగిటికీ వంతెన స్తంభాల పాదాలు పెద్ద భూకంపంలో సుమారు 13 సెంటీమీటర్ల దాకా పైకి లేవగలవు. ఆ ఊపును ఉక్కు డ్యాంపర్లు మింగేస్తాయి.

చిక్కల్లా ప్రయోగశాలలో ఎదురైంది. నిజమైన భూకంపం కదలికను షేక్ టేబుల్ అనే ఊగే వేదిక మీద మళ్లీ పుట్టించి నమూనాను పరీక్షించడం మామూలు పద్ధతి. 1980 నాటికి కాలిఫోర్నియాలో దిమ్మలను ఇలా ఊపి చూస్తే, అదే దిమ్మ, అదే ఊపు, ఒకసారి నిలబడింది, ఇంకోసారి పడింది! అంచు ఇసుమంత అరిగినా, కింద రవ్వంత దుమ్మున్నా నేలను తాకే తీరు మారిపోతుంది. ఆ తేడా తర్వాతి ప్రతి ఊగులోనూ పెరుగుతూ పోతుంది. ఇలాంటి దాన్ని నమ్మి మనుషులుండే మేడ కట్టేదెలా అన్న అనుమానం అక్కడే మొదలైంది. అనుమానం న్యాయమైనదే, అడిగిన ప్రశ్నే సరైంది కాదు. పరిశోధకులు యిమ్, చోప్రా, పెంజియన్ అదే ఏడాది కంప్యూటర్ లెక్కలతో దాన్ని తిప్పి అడిగారు. ఒక భూకంపంలో ఈ దిమ్మ పడుతుందా అని కాదు, వేర్వేరు భూకంపాలు ఎన్నింటికో గురిచేస్తే ఎన్నిసార్లు పడుతుంది అని. అలా చూస్తే గందరగోళం సర్దుకుని, దిమ్మ పెద్దదయ్యే కొద్దీ పడే అవకాశం తగ్గడం స్పష్టంగా తేలింది. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు ఈ మాటను షేక్ టేబుల్ మీదా పరీక్షించారు. ఒక్కో ఊపును విడిగా ఊహించలేకపోయినా, వందల పరీక్షల మొత్తాన్ని లెక్క చక్కగానే పట్టుకుంటుందని 2018లో చూపారు. టీవీల్లో కనిపించే ఆర్భాటపు పరీక్షల కన్నా ఈ విసుగు పుట్టించే ఊపులకే నేను ఎక్కువ మార్కులేస్తాను.

ఆర్భాటమూ అక్కరకొస్తుంది, కాదనను. 2023 మేలో శాన్‌డీగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆరుబయటి షేక్ టేబుల్ మీద పదంతస్తుల చెక్క మేడను నిలిపి ఊపారు. షేక్ టేబుల్ ఎక్కిన అసలు సైజు భవనాల్లో అంత ఎత్తైనది అంతకుముందు లేదు. దాని చెక్క గోడలు పునాది మీద ఊగుతాయి. కింది నుంచి పై దాకా బిగించిన ఉక్కు కడ్డీలు వాటిని మళ్లీ నిటారుగా లాగుతాయి. గోడల పక్కనున్న యు ఆకారపు ఉక్కు పట్టీలు వంగి, ఊపు శక్తిని పీల్చుకుంటాయి. 1994 నార్త్‌రిడ్జ్, 1999 తైవాన్ భూకంపాల కదలికలు పుట్టించినా దాని చట్రం దెబ్బతినలేదు.

అయినా మేడంటే చట్రమొక్కటే కాదు. అంతస్తులు ఒకదాని మీద ఒకటి పక్కకు జరుగుతుంటే మెట్లు ఊడకూడదు, గది గోడలు నలగకూడదు, బయటి అద్దాలు రాలకూడదు. అందుకే ఆ మేడలో పదంతస్తుల మెట్లూ, లోపలి గోడలూ, బయటి తొడుగులూ బిగించి మరీ ఊపారు.