రావికమతం నోట స్పానిష్ మాట

రావికమతంలో పుట్టినవాడికి స్పానిష్ భాషతో పనేమిటని హాస్టలు మిత్రులు అడుగుతూనే ఉన్నారు. పనేమీ లేదు, సరదా. కాని ఆ సరదా నా పాత జబ్బొకటి బయటపెట్టింది. యూనివర్సిటీలో చేరిన కొత్తలో ఇంగ్లీషులో నోరు విప్పాలంటే నాకు చెమటలు పట్టేవి. పోనీ తెలుగులో మాట్లాడదామా అంటే, "ఏటి", "ఎల్తాను" అనే మా యాసకి ఎవరు నవ్వుతారో అని బెంగ. రెండిటా మౌనమే!

స్పానిషులోనూ అదే జరిగింది. ఆరు మాసాలు పుస్తకం ముందేసుకుని క్రియారూపాల పట్టికలన్నీ కంఠస్థం చేశాను. కిందటేడు అనంతపురం వెళ్ళాను. స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ ప్రారంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థ మూలంగా ఆ దేశస్థులు ఆ ప్రాంతానికి వస్తూ పోతూ ఉంటారు. వారికి దుబాసీలుగా ఉండే తెలుగువాళ్ళూ ఉన్నారు. అలా వచ్చిన ఒకావిడ నన్ను, కాఫీ ఇష్టమేనా అని అడిగింది. చిన్న ప్రశ్నే. నేను మనసులో "ఐ లైక్ కాఫీ" అనుకుని, ఆ "ఐ"కి "యో" పెట్టి, "లైక్"కి క్రియ వెతుక్కునేలోగా గ్లాసులో కాఫీ చల్లారిపోయింది. పక్కనున్న దుబాసీ కుర్రవాడు నవ్వి, "మధ్యలో ఇంగ్లీషెందుకన్నా? తెలుగులోంచే చెప్పు" అన్నాడు.

"మే గుస్తా ఎల్ కఫే." అంటే, నాకు నచ్చుతుంది కాఫీ. "మే" అంటే "నాకు". వాక్యంలో కర్త నేను కాదు, కాఫీ! మామిడిపళ్ళయితే "మే గుస్తాన్ లోస్ మాంగోస్". పళ్ళు బహువచనం గనుక క్రియ కూడా బహువచనమే, మన "నచ్చుతుంది, నచ్చుతాయి" లాగే. అలాగే "ఆబ్లో" అంటే చాలు, "మాట్లాడతాను" అని అర్థం. మనం మాటిమాటికీ "నేను" అనం కదా, వాళ్ళూ "యో" అనక్కర్లేదు. "త", "ద" మన వాటిలాగే పళ్ళకి తగిలి పలుకుతాయి. "తూ", "ఉస్తెద్" అంటే మన నువ్వు, మీరు. పదక్రమం మాత్రం మనది కాదు, క్రియ వాక్యం మధ్యలోకి వచ్చేస్తుంది. "ర" దగ్గర ఒక గండం ఉంది. మామూలుగా "పెరో" అంటే "కాని". అదే నాలుక దొర్లించి గట్టిగా అన్నారో, కుక్క!

ఇక ధారాళత సంగతి. మాట తోచనప్పుడు మనం "మరీ", "అదేంటంటే" అని సాగదీస్తాం కదా. వాళ్ళకి "పుఎస్", "ఆ బేర్" ఉన్నాయి. పాఠ్యపుస్తకాలు వీటిని చిన్నచూపు చూస్తాయి గాని, నా మట్టుకు నాకు సగం వ్యాకరణం కంటే ఇవే ఎక్కువ పనికొచ్చాయి. మనం ఆలోచించుకునేదాకా ఎదుటివాళ్ళు ఆగుతారు. రెండోది, తెలియని మాట చుట్టూ తిరిగి చెప్పడం. అనకాపల్లి బెల్లం గురించి ఆవిడకి చెప్పబోతే బెల్లానికి మాట రాలేదు. "పంచదార... కాని గోధుమరంగు... చెరుకు రసం కాచి..." అంటూ ముక్కలు ముక్కలుగా అన్నాను. "ఓ, పనేలా!" అందావిడ. కొలంబియాలో బెల్లం పేరు అదేనట. నిఘంటువు తెరిచి ఉంటే ఆ సంభాషణ అక్కడితో ఆగిపోయేది.

ఇప్పుడు చోడవరం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కనిపించినదల్లా స్పానిషులో గొణుక్కుంటాను. చెరుకు బండి, తాటిచెట్టు, టికెట్టడిగే కండక్టరు. పక్కవాళ్ళు మంత్రజపం అనుకుంటారు.

లింగాలు మాత్రం ఇంకా లొంగలేదు. చెయ్యి స్త్రీలింగమట, సమస్య పుంలింగమట. ఎందుకో ఆ దేవుడికే ఎరుక. "ఎల్ మానో" అని నోరు జారుతూనే ఉంటుంది. వినేవాళ్ళు "లా మానో" అని దిద్ది, కబుర్లు కొనసాగిస్తారు.