బోరు పెంచిన ఇంజను

పిల్లలూ, మా తంబళ్లపల్లెలో "బోరు" అన్న మాట వింటే ఎవరికైనా నీళ్ళ బోరే జ్ఞాపకం వస్తుంది. వానలు తక్కువైన సీమ మాది. ఎన్ని అడుగులు వేశారు, నీళ్ళు పడ్డాయా లేదా అన్నవే ఊళ్ళో మాటలు. అయితే ఇంకొక బోరు కూడా ఉన్నది. అది నేలలో కాదు, ఇంజను కడుపులో ఉంటుంది. ఈ నెల దాని సంగతి చెబుతాను.

నా చిన్నతనంలో మా బావి మీద ఒక ఆయిలు ఇంజను ఉండేది. దానిలో సిలిండరు అనే గుండ్రని గొట్టం, ఆ గొట్టంలో పైకీ కిందికీ ఆడే పిస్టను ఉంటాయి. గొట్టం లోపలి వెడల్పునే బోరు అంటారు. ఏళ్ళ తరబడి ఆడగా ఆడగా గొట్టం అరిగి, ఇంజను నల్లని పొగ కక్కేది. అప్పుడు దాన్ని పట్నానికి మోసుకుపోయి, అరిగిన గోడను సమంగా కోయించి, కొంచెం పెద్ద పిస్టను వేయించి తెచ్చేవారు. ఒకసారి పనివాడెవడో తొందరపడి కాస్త ఎక్కువ కోసేశాడు. దొరికే పిస్టన్లలో అన్నిటికన్నా పెద్దది కూడా అందులో వదులైపోయింది! మళ్ళీ కొత్త సిలిండరు కొనేసరికి మా చెనిక్కాయ పంట ఎండిపోయింది. ఆ రోజు మా నాన్న అన్న మాట నేను మరిచిపోలేదు: "గుడ్డ పొట్టిదైతే అతుకు వేయవచ్చు, కోసిన ఇనుముకు అతుకు లేదప్పా!"

ఆ మాట మళ్ళీ ఈమధ్య శివరాత్రికి జ్ఞాపకం వచ్చింది. మల్లయ్యకొండ తిరునాళ్ళకు వచ్చిన నా పాత శిష్యుడొకడు మా ఇంటికి వచ్చాడు. కోయంబత్తూరులో మెకానిక్కుగా ఉన్నాడు. పాత మారుతి ఎస్టీమ్ కారు ఒకటి కొని, పందేలకు సిద్ధం చేస్తున్నాడట.

"సార్, బోరు ఒక మిల్లీమీటరు పెంచుదామనుకుంటున్నాను," అన్నాడు.

"ఒక్క మిల్లీమీటరుతో ఏమొస్తుందప్పా?" అని అడిగాను.

వాడు కాగితం తీశాడు. మనమూ లెక్క వేద్దాం. ఆ ఇంజనులో నాలుగు సిలిండర్లు. బోరు 74 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరం 75.5 మిల్లీమీటర్లు. వృత్త వైశాల్యం కట్టి, దూరంతో హెచ్చించి, నాలుగు రెట్లు చేస్తే దాదాపు 1298 ఘన సెంటీమీటర్లు వస్తుంది. దీన్నే 1298 సి.సి. అంటారు. బోరు 75 చేస్తే అది 1334 అవుతుంది. అంటే ఒక్కొక్క సిలిండరులో పెరిగే చోటు రెండు చిన్న చెంచాల నీళ్ళకు కూడా చాలదు! బలం నూటికి మూడు పాళ్ళు కూడా పెరగదు. అయినా సెకనులో పదో వంతుతో గెలుపోటములు తేలే పందెంలో అదే ఎంతో గొప్ప.

ఇప్పుడొక ప్రశ్న. బోరు ఒక మిల్లీమీటరు పెరిగితే గోడ ఎంత పలుచబడుతుంది? ఒక మిల్లీమీటరు అన్నారా? తప్పు! రెండు వైపులా తీస్తాం కనుక ఒక్కొక్క వైపు అర మిల్లీమీటరే. ఈ లెక్క దగ్గర పెద్దలు కూడా తడబడతారు.

ఆ ఇంజను దిమ్మ అల్యూమినియంది. అల్యూమినియం నీటికన్నా 2.7 రెట్లు బరువు. ఇనుమైతే ఏడు రెట్లకు పైమాటే. కనుక అల్యూమినియం దిమ్మతో కారు తేలికవుతుంది, వేడి కూడా త్వరగా బయటికి పోతుంది. కాని అది మెత్తని లోహం. పిస్టను ఉంగరాల రాపిడికి తట్టుకోలేదు. అందుకని లోపల పోత ఇనుముతో చేసిన పలుచని గొట్టాన్ని అమరుస్తారు. దాన్ని లైనరు అంటారు. బోరు పెంచేటప్పుడు కోసేది ఈ లైనరునే.

లైనరు చాలకపోతే పాతది తీసేసి కొత్తది ఎక్కించాలి. ఎలాగంటారా? బండి చక్రానికి ఇనుప పట్టా తొడగటం మీ తాతలు చూసే ఉంటారు. కమ్మరి పట్టాను ఎర్రగా కాల్చి, సాగినప్పుడు చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తాడు. అది చల్లబడి బిగుసుకుంటుంది. ఇక్కడా అంతే. అల్యూమినియం వేడికి ఇనుముకన్నా సుమారు రెండింతలు సాగుతుంది. 75 మిల్లీమీటర్ల రంధ్రమున్న దిమ్మను నూరు డిగ్రీలు వేడెక్కిస్తే, ఆ రంధ్రం మిల్లీమీటరులో ఆరో వంతు పెద్దదవుతుంది. అప్పుడు చల్లని లైనరును దించితే, దిమ్మ చల్లారగానే దాన్ని గట్టిగా పట్టుకుంటుంది.

అయితే ఆ గుణమే ప్రమాదం కూడా. ఇంజను వేడెక్కినప్పుడు దిమ్మ ఎక్కువ సాగి, లైనరు మీద పట్టు సడలుతుంది. గోడ మరీ పలుచనైతే గుండ్రదనం పోతుంది. రెండు సిలిండర్ల నడుమ గోడ సన్నమైతే, పైన మూత కింద ఉండే గాస్కెట్టు పేలిపోతుంది. నిమిషానికి ఆరు వేల చుట్లు తిరిగే ఇంజనులో పిస్టను సెకనుకు నూరుసార్లు పైకి పోయి కిందికి వస్తుంది. ఆ వేగంలో చిన్న లోపం కూడా క్షణంలో పెద్దదవుతుంది.

అందుకే తెలిసిన పనివాడు ముందు కొలుస్తాడు, తరువాత కోస్తాడు. శబ్ద తరంగాలతో గోడ మందం చూసే పరికరం ఉన్నది. దానితో ప్రతి సిలిండరునూ చుట్టూ నాలుగైదు చోట్ల చూస్తాడు. మూత బోల్టులు బిగిస్తే దిమ్మ వెంట్రుకవాసి వంకర పోతుంది కనుక, మూతకు బదులు మందమైన పలకను బిగించి, ఆ బిగువులోనే సాన పడతాడు. యంత్రం కోసిన తరువాత మిగిలిన కొద్దిపాటి లోహాన్ని సానరాళ్ళతో తీస్తాడు. ఆ రాళ్ళు గోడ మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు పెడతాయి. నూనె నిలిచేది ఆ గీతల్లోనే. గోడను అద్దంలా నున్నగా చేస్తే నూనె నిలవక పిస్టను పట్టేస్తుంది!

ఇంకొక సంగతి. పందేలలో కార్లను సి.సి.ని బట్టి తరగతులుగా విడదీస్తారు. బోరు ఎంతవరకు పెంచవచ్చో, అసలు పెంచవచ్చో లేదో నియమాలలో ఉంటుంది. అవసరమైతే ఇంజను విప్పించి కొలుస్తారు. దాటినవాడు గెలిచినా గెలిచినట్టు కాదు. ఇక రోడ్డు మీద తిరిగే బండి ఇంజనును ఇష్టం వచ్చినట్టు మార్చటం చట్టానికి విరుద్ధం. హార్సిలీ కొండ మలుపులు పందేలకు చోటు కాదు. పందేనికి వేరే బాటలున్నాయి. మద్రాసు దగ్గర షోలవరంలో పూర్వం విమానాలు దిగిన బాట మీద పందేలు జరిగేవి. ఇప్పుడు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనూ, కోయంబత్తూరులోనూ బాటలున్నాయి.

కోయంబత్తూరు బాటకు ఎస్. కరివర్ధన్ పేరు పెట్టారు. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయారు. మారుతి 800 కారులోని 796 సి.సి. ఇంజనుతోనే ఆయన చౌకలో పందెం కార్లు తయారు చేయించారు. చిన్న ఇంజనుతోనే ఎందరో కుర్రవాళ్ళు పందెం నేర్చుకున్నారు. కోయంబత్తూరువాడైన నారాయణ్ కార్తికేయన్ ఆ ఫార్ములా మారుతి కార్లతో మొదలుపెట్టి, 2005లో ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న మొదటి భారతీయుడైనాడు. ఎంత పెద్ద బోరు అన్నదే అంతా కాదని దీన్నిబట్టి తెలియటం లేదూ?

నెల తరువాత నా శిష్యుడు ఫోను చేశాడు.

"కొలిచి చూశాను సార్. మూడో సిలిండరు గోడ ఒకవైపు పలుచగా ఉంది. ఒక మిల్లీమీటరు వద్దని అర దగ్గరే ఆగాను. 1316 సి.సి. వచ్చింది."

"పందెంలో వెనకబడవా?" అన్నాను.

"పందెం చివరిదాకా పరిగెత్తే ఇంజను కావాలి గదా సార్!" అని నవ్వాడు.

మా నాన్న ఉండి ఉంటే ఆ మాటకు ఎంతో సంతోషించేవాడు.

మీకొక లెక్క: అదే ఇంజను బోరు 76 మిల్లీమీటర్లు చేస్తే ఎన్ని సి.సి. అవుతుంది? గోడ ఎంత పలుచబడుతుంది? చేసి, మీ లెక్కల మాష్టారికి చూపించండి.