కర్నూలు రోడ్డు ప్రమాదాలు: ఎక్కడ, ఎందుకు, కుటుంబాలు ఏం చేయొచ్చు?

మదనపల్లె నుంచి అజ్మీర్ దర్గా జియారత్‌కు బయల్దేరిన ఒక మినీ బస్సు కర్నూలు కూడా దాటలేదు. 2021 ఫిబ్రవరి 14న తెల్లవారుజామున, వెల్దుర్తి మండలంలో 44వ నంబరు జాతీయ రహదారిపై అది అదుపు తప్పింది. డివైడర్ దాటి అవతలి వైపుకు వెళ్లి, ఎదురుగా వస్తున్న లారీని ఢీకొట్టింది. బండిలో ఉన్న 18 మందిలో 14 మంది చనిపోయారు. ప్రాణాలతో మిగిలింది నలుగురు పిల్లలే.

ఇలాంటి వార్త విన్నప్పుడల్లా ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "రాసిపెట్టి ఉంది, ఏం చేస్తాం?" దుఃఖంలో ఉన్నవాళ్లకు ఆ మాట ఊరట. కానీ కర్నూలు చుట్టుపక్కల జరిగిన పెద్ద ప్రమాదాలను వరసగా పెట్టి చూస్తే, చాలా సంగతులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. అదే రోడ్డు, అవే పొరపాట్లు. వాటిలో చాలావరకు ఆపగలిగినవే.

ఒకే రోడ్డు, మూడు ప్రమాదాలు

44వ నంబరు రహదారి శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా వెళ్తుంది. పాతవాళ్లు దీన్ని ఇప్పటికీ 7వ నంబరు హైవే అనే అంటారు. హైదరాబాద్, బెంగళూరు మధ్య తిరిగే బస్సులు, లారీలు, కార్లు చాలావరకు కర్నూలు మీదుగానే పోతాయి.

2019 మే 11న ఇదే రోడ్డుపై వెల్దుర్తి దగ్గర ఒక ప్రైవేటు బస్సు, అడ్డొచ్చిన బైకును తప్పించబోయి తుఫాన్ వాహనాన్ని ఢీకొట్టింది. పెళ్లి పని మీద వెళ్లి తిరిగొస్తున్న గద్వాల జిల్లా రామాపురం వాసులు అందులో ఉన్నారు. ఒకే ఊరి వాళ్లు 15 మందికి పైగా చనిపోయారు.

2025 అక్టోబర్ 24న కల్లూరు మండలం చిన్నటేకూరు దగ్గర జరిగింది ఇంకా ఘోరం. వాన పడుతున్న రాత్రి, తెల్లవారుజామున 3 గంటల ప్రాంతం. ముందు ఒక బైకు జారి డివైడర్‌ను కొట్టుకుంది, నడుపుతున్న యువకుడు చనిపోయాడు. అతను మద్యం తాగి ఉన్నాడని పోలీసులు తర్వాత చెప్పారు. బైకు రోడ్డు మధ్యలోనే పడి ఉంది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు దాని మీదికి ఎక్కి ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి. బస్సులో 40 మందికి పైగా ఉంటే 19 మంది కాలిపోయారు. అద్దాలు పగలగొట్టుకుని దూకగలిగినవాళ్లు బతికారు.

మూడింటిలో రెండు ప్రమాదాలకు మొదలు ఒక బైకే. తాగి బండి నడిపినవాడు తన ప్రాణం మీదికి మాత్రమే తెచ్చుకోడని, ముక్కూమొహం తెలియని వాళ్లను కూడా తీసుకుపోగలడని చిన్నటేకూరు చూపించింది.

తెల్లవారుజామునే ఎందుకు?

రెండు నుంచి ఆరు గంటల మధ్య మనిషి ఒంట్లో చురుకుదనం బాగా తగ్గుతుంది. ముందు రోజు పగలు నిద్రపోయినా సరే, ఆ వేళ కళ్లు మూతపడతాయి. డ్రైవర్‌కు తెలియకుండానే మూడు నాలుగు సెకన్ల కునుకు పడుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 25 మీటర్లు. నాలుగు సెకన్ల కునుకులో బండి 100 మీటర్లు పోతుంది, స్టీరింగ్ చూసేవాడు లేకుండా.

మెలకువగా ఉన్న డ్రైవర్‌కైనా చీకటిలో ఇబ్బందే. రోడ్డు మీద నల్లగా ఏదో ఉందని కన్ను గుర్తించి, కాలు బ్రేక్ మీదికి పోయేలోపు సెకను, సెకనున్నర పడుతుంది. అంటే బ్రేక్ పడకముందే 25 నుంచి 40 మీటర్లు గడిచిపోతాయి. డిమ్ లైటులో కనిపించే దూరమే ఇంచుమించు అంత. తడి రోడ్డు మీద బండి ఆగడానికి ఇంకా ఎక్కువ దూరం కావాలి. ఆ వేళ వేగం తగ్గించడం ఒక్కటే మార్గం.

జియారత్‌లకు, నికాహ్‌లకు వెళ్లే కుటుంబాలు ఎక్కువగా రాత్రి ప్రయాణమే పెట్టుకుంటాయి. ఎండ ఉండదు, పిల్లలు పడుకుంటారు, లాడ్జి ఖర్చు మిగులుతుంది. పగలంతా బండి నడిపిన డ్రైవర్‌నే రాత్రికి మళ్లీ ఎక్కించుకుంటే మాత్రం ఆ మిగులు చాలా ఖరీదైనది.

ఊళ్లో రోజూ జరిగేది

హైవే మీద బస్సు కాలితే దేశమంతా వార్త అవుతుంది. సి.క్యాంప్ దగ్గరో, నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గరో ఒక స్కూటీ పడితే మరుసటి రోజు పేపర్లో నాలుగు లైన్లు కూడా రావు. కానీ లెక్కలో ఎక్కువ మరణాలు ఇలాంటివే.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో దాదాపు 75 వేల మంది టూవీలర్ల మీద ఉన్నవాళ్లు. నడిచి వెళ్తూ చనిపోయినవాళ్లు 32 వేలు దాటారు. హెల్మెట్ లేక పోయిన ప్రాణాలు 50,029. అందులో 14,337 మంది బండి నడిపినవాళ్లు కాదు, వెనక కూర్చున్నవాళ్లు.

ఈ చివరి అంకె ఇళ్లలో చదవాల్సింది. బండి మీద వెనక కూర్చునేది ఎక్కువగా అమ్మలు, అక్కలు, పిల్లలు. నడిపే అబ్బాయికి హెల్మెట్ ఉంటుంది, వెనక కూర్చున్న తల్లికి ఉండదు. కింద పడితే రోడ్డు ఇద్దరికీ ఒకటే. మంచి హెల్మెట్ సరిగ్గా బకిల్ పెట్టుకుంటే తలకు గాయమయ్యే ముప్పు దాదాపు 70 శాతం, ప్రాణం పోయే ముప్పు దాదాపు 40 శాతం తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. టోపీ మీద, హిజాబ్ మీద హెల్మెట్ పట్టదన్న మాట తరచూ వినిపిస్తుంది. పలుచటి గుడ్డ చుట్టుకుని, ఒక సైజు పెద్దది వేసి చూసి, ఐఎస్ఐ గుర్తు ఉన్నది కొంటే సరిపోతుంది. బుర్ఖా అంచు, దుపట్టా కొస చక్రంలో చుట్టుకోవడం కూడా చాలా పడిపోవడాలకు కారణం. కూర్చోగానే వాటిని లోపలికి దోపుకోవాలి, బండికి శారీ గార్డ్ తీసేయకూడదు.

నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా చట్టం ప్రకారం హెల్మెట్ తప్పనిసరి. అంతకన్నా చిన్న పిల్లలకు హెల్మెట్‌తో పాటు, నడిపేవాళ్లకు కట్టి ఉంచే బెల్టు కూడా ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు.

రంజాన్ రాత్రుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. తరావీహ్ నుంచి సహెరీ దాకా రోడ్లు ఖాళీగా ఉంటాయి, కుర్రాళ్లు ముగ్గురేసి బండెక్కుతారు. 18 ఏళ్లు నిండని పిల్లాడు బండి నడిపి ప్రమాదం చేస్తే శిక్ష తండ్రికి, బండి యజమానికి పడుతుంది. 2019 సవరణ తర్వాత 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. పైగా ఇన్సూరెన్స్ కంపెనీ అవతలివాళ్లకు కట్టిన డబ్బును బండి యజమాని దగ్గర వసూలు చేయొచ్చు. ముద్దుకు ఇచ్చిన తాళంచెవికి ఇల్లు అమ్ముకోవాల్సి రావచ్చు.

అంకెలు చదివేటప్పుడు

"ఈ ఏడాది జిల్లాలో ప్రమాదాలు తగ్గాయి" అన్న వార్త చదివేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయింది. పాత కర్నూలు జిల్లా అంకెను కొత్త జిల్లా అంకెతో పోలిస్తే తగ్గినట్టే కనిపిస్తుంది, రోడ్లు బాగుపడ్డాయని కాదు.

ఇంకో సంగతి. జాతీయ రహదారులపై "బ్లాక్ స్పాట్" అంటే సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణమో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు ఐదు జరగాలి, లేదా పది మంది చనిపోవాలి. అప్పుడే ఆ చోట లైట్లు, బారికేడ్లు, అండర్‌పాస్ లాంటి పనులకు దారి పడుతుంది. ఈ లెక్కంతా పోలీసు రికార్డు నుంచే వస్తుంది. కాలు విరిగినా "పోనీలే" అని రాజీపడి ఇంటికి వెళ్లిపోతే ఆ మలుపు రికార్డులో సురక్షితంగానే ఉంటుంది. తర్వాత పడేవాడికి ఆ మలుపు అలాగే ఎదురవుతుంది.

మొదటి గంట

చిన్నటేకూరులో బైకు పడ్డాక, బస్సు వచ్చేలోపు కొద్దిసేపు గడిచింది. ఆ కొద్దిసేపే కీలకం. బండి పడి ఉంటే ముందు వెనక వచ్చే వాహనాలకు తెలియాలి. రోడ్డు మధ్యలో నిలబడకుండా, అంచున ఉండి, బాగా వెనక్కి నడిచి ఫోన్ లైటు ఊపాలి. కారు ఉంటే నాలుగు ఇండికేటర్లు వేయాలి. ఆ తర్వాతే బండి పక్కకు లాగడం. 112కు గానీ 108కి గానీ ఫోన్ చేయాలి, జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది.

గాయపడినవాళ్లను ఆస్పత్రికి చేర్చినవాళ్లను పోలీసులు కేసుల్లో ఇరికించడానికి లేదు. మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ వాళ్లకు రక్షణ ఇస్తుంది. పేరు చెప్పడం కూడా వాళ్ల ఇష్టమే. మొదటి గంటలో ఆస్పత్రికి చేర్చి ప్రాణం కాపాడినవాళ్లకు కేంద్రం ఇచ్చే బహుమతి ఇప్పుడు 25 వేల రూపాయలు.

2025 మే నుంచి ఇంకో సదుపాయం వచ్చింది. ఏ రోడ్డు మీద మోటారు వాహన ప్రమాదం జరిగినా, పథకంలో ఉన్న ఆస్పత్రిలో ఏడు రోజుల వరకు, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స చేయాలి. అడ్వాన్స్ లేక ఆగిపోవద్దు, ఈ పథకం పేరు చెప్పి అడగాలి. కర్నూలు సర్వజన ఆస్పత్రికి పక్క రాష్ట్రాల సరిహద్దు ఊళ్ల నుంచి కూడా క్షతగాత్రులు వస్తుంటారు.

కేసు, పోస్టుమార్టం, పరిహారం

ప్రాణం పోయినప్పుడు ముస్లిం కుటుంబాలు త్వరగా దఫన్ చేయాలనుకుంటాయి. పోస్టుమార్టం అంటే మనసు ఒప్పదు. అందుకే కొన్నిచోట్ల కేసే లేకుండా జనాజా జరిపిస్తారు. ఆరు నెలల తర్వాత ఆ ఇంటి ఆడమనిషి పరిహారం కోసం వెళ్తే చేతిలో కాగితం ఉండదు. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు లేకుండా ట్రిబ్యునల్‌లో ఆ మరణం ప్రమాదం వల్లే అని నిరూపించడం చాలా కష్టం.

ఆలస్యం కాకుండా చూసుకునే వీలు మాత్రం ఉంది. తగిన వసతి ఉన్న ఆస్పత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 నవంబర్‌లో చెప్పింది. మొహల్లా పెద్దలు ఒకరు స్టేషన్‌కు, ఒకరు ఆస్పత్రికి వెళ్లి పంచనామా త్వరగా పూర్తయ్యేలా చూస్తే చాలా గంటలు కలిసొస్తాయి.

చట్టంలో దారులు మూడు. ఎవరి తప్పో నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడగొచ్చు. చనిపోయిన మనిషి వయసు, సంపాదన, ఆధారపడినవాళ్ల లెక్కతో పూర్తి పరిహారం కోరాలంటే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. దీనికి చట్టం పెట్టిన గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. ఢీకొట్టిన బండి దొరక్కపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ప్రభుత్వ నిధి నుంచి వస్తాయి, దానికి రెవెన్యూ అధికారుల దగ్గర దరఖాస్తు చేసుకోవాలి. ఇద్దత్‌లో ఉన్న భార్య తిరగలేకపోతే కొడుకో తమ్ముడో కాగితాలు పోగు చేసి పెట్టాలి. గడువు ఎవరి కోసమూ ఆగదు.

బయల్దేరే ముందు

కడప అమీన్‌పీర్ దర్గా ఉర్సుకైనా, హైదరాబాద్ వలీమాకైనా, అజ్మీర్‌కైనా బండి మాట్లాడేటప్పుడు కిరాయి ఒక్కటే అడిగితే చాలదు. డ్రైవర్ నిన్న రాత్రి పడుకున్నాడా? దూర ప్రయాణమైతే రెండో డ్రైవర్ ఉన్నాడా? ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఉన్నాయా? సీట్ల కన్నా మనుషులు ఎక్కువయ్యారా? ఇవి అడగడం ఇంటి పెద్ద పని. బస్సు అయితే ఎక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూసుకోవాలి, పక్కవాళ్లకూ చూపించాలి.

రాత్రి రెండు దాటాక ఏ ధాబా దగ్గరైనా బండి ఆపించి, ఫజర్ నమాజ్ అయ్యేదాకా డ్రైవర్‌ను పడుకోనిస్తే ప్రయాణం మూడు నాలుగు గంటలు ఆలస్యమవుతుంది. దర్గా ఎక్కడికీ పోదు, వలీమా మధ్యాహ్నానికే. వెనక సీటులో పిల్లలు పడుకుని ఉన్నారన్న సంగతి మాత్రం ఆ డ్రైవర్‌కు ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉండాలి.