ఉద్యోగం వెదకడమూ ఒక పనే



“మీవోడు ఏం చేస్తాండాడన్నా?” అని ఎవరైనా అడిగితే రెండేండ్ల పాటు మాకు నోట మాట వచ్చేది కాదు. బ్రహ్మంగారిమఠం మండలంలో చిన్న పల్లె మాది. కొంచెం మెట్ట, రెండు బర్రెలు, ఇద్దరు పిల్లలు. పెద్దవాడు ప్రొద్దుటూరులో డిగ్రీ ముగించి ఇల్లు చేరాడు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ గుడి ముందర నిలబడి మాట్లాడుకుంటుంటే వాడు పక్క తలుపు గుండా వెళ్లిపోయేవాడు. ఎందుకు వెళ్లిపోతున్నాడో మాకు తెలుసు. తెలిసీ ఇంటికి వచ్చి మేమూ అదే మాట అడిగేవాళ్లం.

ఆ దినాల్లో మేము చేసిన తప్పులు, తర్వాత నేర్చుకున్న సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము. మావంటి తల్లిదండ్రులు, మావాడివంటి యౌవనస్థులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వారిలో ఒక్కరికి ఉపయోగపడినా చాలును.

కనిపెట్టుకొని కూర్చోవద్దు

మా తాతల కాలంలో జమ్మలమడుగు ప్రాంతంలో లండన్ మిషను వారు బడులు, ఆసుపత్రి నడిపారు. చదువుకున్న పిల్లవాడికి పంతులు పనో, కాంపౌండరు పనో దొరికేది. పెద్దలు ఒక ఉత్తరం వ్రాసిస్తే సరిపోయేది. ఆ కాలం పోయింది. కాని ఎవరో ఒకరు పిలిచి పని ఇస్తారన్న తలంపు మాత్రం మనలో పోలేదు.

మా వైపు యువకులు “ఉక్కు ఫ్యాక్టరీ వస్తే చూద్దాం” అంటూ ఉండేవారు. జమ్మలమడుగు ప్రాంతంలో 2007లో బ్రాహ్మణి స్టీల్స్‌కు పునాది పడింది. 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె దగ్గర, 2023 ఫిబ్రవరిలో మళ్లీ అక్కడే శంకుస్థాపనలు జరిగాయి. 2007లో పుట్టిన బిడ్డ ఈలోగా ఓటు వేసే వయస్సుకు వచ్చాడు. ఫ్యాక్టరీ వస్తే సంతోషమే. వచ్చేవరకు అరుగు మీద కూర్చుంటే వయస్సు ఆగదు.

ప్రభుత్వ ఉద్యోగాల సంగతీ అంతే. రాష్ట్రంలో 2018లో డీఎస్సీ జరిగాక మళ్లీ మెగా డీఎస్సీ 2025లోనే వచ్చింది. అందులో 16,347 పోస్టులు. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో ప్రకటన వస్తే తుది ఫలితాలు 2025 ఆగస్టులో తేలాయి. పరీక్షలు వ్రాయవద్దని మేము చెప్పడం లేదు. తప్పక వ్రాయాలి. అయితే ప్రకటనకు, ఫలితానికి నడుమ ఉన్న సంవత్సరాలలో ఏదో ఒక పని చేతిలో ఉండాలి. పని చేస్తూ చదివినవాడు ఒకవేళ ఉద్యోగం రాకపోయినా ఖాళీ చేతులతో మిగలడు.

ముందు కాగితాలు సరిచేసుకోండి

ఇది మన క్రైస్తవ కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే ఇబ్బంది. బిడ్డకు ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు, బాప్తిస్మములో మరొక పేరు. పదవ తరగతి మార్కుల జాబితాలో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉంటుంది. దరఖాస్తు పెట్టేటప్పుడు ఎవరూ పట్టించుకోరు. ఉద్యోగం చేతికందే వేళ, ధ్రువపత్రాలు పరిశీలించే రోజున బల్ల అవతల కూర్చున్నవారు “ఈ ఇద్దరూ ఒక్కరేనా?” అని అడుగుతారు. పేరుకూ పుట్టిన తేదీకీ పదవ తరగతి మార్కుల జాబితాయే ఆధారమని ఎక్కువ చోట్ల చూస్తారు. కాబట్టి ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం దానితో సరిపోయేలా ఇప్పుడే మార్పించుకోండి.

కుల ధ్రువపత్రం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. ఎస్సీల నుండి క్రైస్తవులైన వారిని మన రాష్ట్రంలో బీసీ-సీ గుంపులో చేర్చి 1 శాతం రిజర్వేషను ఇచ్చారు. ఇది న్యాయమా కాదా అన్న వాదన చాలా కాలంగా సాగుతోంది. ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, మన బిడ్డ చేతిలో ఉన్న పత్రం నిజమైనదై ఉండాలి. సరికాని పత్రంతో సంపాదించిన ఉద్యోగం ఇరవై ఏండ్ల తర్వాత కూడా పోవచ్చు. నిజం చెప్పినందువల్ల ఒక అవకాశం తగ్గినా, రాత్రి నిద్ర పడుతుంది.

ఎక్కడ వెదకాలి?

మావాడు మొదట ఒకే రకం ఉద్యోగం కోసం చూశాడు. తర్వాత మేము ఒక కాగితం మీద జిల్లాలోని పని చోట్లన్నీ వ్రాసుకున్నాము. చూస్తే మేము అనుకున్నంత కరువేమీ లేదు.

ఎర్రగుంట్ల చుట్టూ సున్నపురాయి ఉన్నందున సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. అక్కడికి దగ్గరలోనే రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. దాని మొదటి యూనిట్ 1994లో మొదలైంది. పులివెందుల వైపు తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. కడప దగ్గర కొప్పర్తిలో 2021 డిసెంబరులో ఎలక్ట్రానిక్స్ తయారీ కేంద్రం ప్రారంభమైంది. ప్రొద్దుటూరులో బట్టల అంగళ్లు, బంగారు అంగళ్లు, ఆసుపత్రులు, లారీ ఆఫీసులు ఉన్నాయి. పెద్ద ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి “పని ఉందా?” అని అడిగితే లేదంటారు. కాని ఆ ఫ్యాక్టరీ చుట్టూ రవాణా, గోడౌను, క్యాంటీను, మరమ్మతు, లెక్కలు అంటూ వంద చిన్న పనులు నడుస్తుంటాయి. వాటికి పత్రికలో ప్రకటనలు రావు.

ఐటీఐ చదివినవారు అప్రెంటిస్ శిక్షణ వదలుకోవద్దు. ఆర్టీసీ కూడా అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. ఆ కాలంలో కొంత భృతి ఇస్తారు, చివర ధ్రువపత్రం చేతికి వస్తుంది. పదవ తరగతిలో మంచి మార్కులు వచ్చినవారు తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ప్రకటనల కోసం చూడాలి. అందుకు వ్రాత పరీక్ష లేదు, పదవ తరగతి మార్కులే ఆధారం. కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్షను 2024 నుండి తెలుగులోనూ వ్రాయవచ్చు. “ఇంగ్లీషు రాదు” అని వెనుకకు తగ్గిన పిల్లలకు ఈ మాట ఎవరైనా చెప్పాలి. చదువు మధ్యలో ఆగిపోయిన గ్రామీణ యువతీయువకులకు దీనదయాళ్ గ్రామీణ కౌశల్య యోజన 2014లో మొదలైంది. ఇందులో శిక్షణకు రుసుము ఉండదు. స్వంతంగా ఏదైనా పెట్టుకోదలచిన వారికి బ్యాంకుల ఆధ్వర్యంలోని స్వయం ఉపాధి శిక్షణా సంస్థలు ఉచితంగా పని నేర్పుతాయి.

నోటు పుస్తకం పెట్టండి

ఒకరోజు మావాడిని “ఇంతవరకు ఎన్నిచోట్ల అడిగావు నాయనా?” అని అడిగితే “చాలాచోట్ల” అన్నాడు. కూర్చుని లెక్క వేస్తే రెండేండ్లలో పదకొండు. అప్పటినుండి ఒక నోటు పుస్తకం పెట్టించాము. తేదీ, చోటు, ఎవరితో మాట్లాడాడు, ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు కనుక్కోవాలి అని ఐదు గళ్లు గీశాడు. వారానికి ఐదు చోట్లకు తగ్గకూడదని నియమం పెట్టుకున్నాడు. ఉదయం తొమ్మిదికి తయారై కూర్చునేవాడు. కాదన్న జవాబులు ఎన్ని వచ్చినా పుస్తకంలో పుటలు నిండుతుంటే వాడికి ధైర్యం వచ్చింది.

బయోడేటా ఒక పుటకు మించకూడదు. చదువు, తెలిసిన పని, ఫోను నంబరు స్పష్టంగా ఉంటే చాలు. తెలియనిది తెలుసునని వ్రాయవద్దు. మావాడు “కంప్యూటరు తెలుసు” అని వ్రాశాడు. ఒకచోట ఎదుటే కూర్చోబెట్టి ఎక్సెల్‌లో నెల జమాఖర్చు వేయమన్నారు. వేలు కదలలేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం తినలేదు. మరుసటి వారమే మైదుకూరులో శిక్షణకు చేరి, బస్సులో పోతూ వస్తూ రెండు నెలల్లో నేర్చుకున్నాడు. అవమానం కూడా ఒక్కోసారి మంచి పంతులే.

తెలిసినవారిని అడగడానికి సిగ్గుపడవద్దు. అయితే “మావాడికి ఉద్యోగం ఇప్పించండి” అంటే ఎదుటివారికి భారం. “మీ దగ్గర ఏ పనులు ఉంటాయి, దానికి ఏం నేర్చుకోవాలి?” అని అడిగితే సంతోషంగా చెబుతారు. మావాడికి పని దొరికింది ఇలాగే. మా సంఘంలో సిమెంటు లారీ నడిపే అన్న ఒకరున్నారు. ఎర్రగుంట్ల వైపు ఒక గోడౌనులో లెక్కలు వ్రాసే గుమాస్తా మానుకున్నాడని ఆయనే చెప్పారు. ఆయనను రెండేండ్లుగా ప్రతి ఆదివారం చూస్తున్నాము. ఒక్కసారి కూడా అడగలేదు.

మాట్లాడే రోజున

ఇంటర్వ్యూకు ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా చాలు, కొత్తది అక్కరలేదు. మా ఊరి బస్సును నమ్ముకుంటే ఆలస్యమవుతుంది కనుక ముందు బస్సుకే పోవాలి. “నీ గురించి చెప్పు” అన్న ప్రశ్నకు జవాబు ఇంట్లో గట్టిగా పదిసార్లు పలికి చూసుకోవాలి. మా చిన్నపిల్ల ఆఫీసరుగా కూర్చుని అన్నను ప్రశ్నలు అడిగేది. నవ్వులాటగా మొదలైనా వాడి గొంతులో వణుకు దానితోనే పోయింది.

జీతంతోపాటు పని గంటలు, సెలవులు మర్యాదగా అడిగి తెలుసుకోండి. పీఎఫ్ ఉందా అనీ అడగండి. నెల జీతం 21,000 రూపాయలలోపు ఉంటే, ఈఎస్ఐ వర్తించే చోట వైద్య సదుపాయం కూడా దొరుకుతుంది. నియామక పత్రం వ్రాతపూర్వకంగా తీసుకోండి.

డబ్బు అడిగితే లేచి రండి

ఇది వ్రాయడానికి మాకు మనస్సు రాలేదు. కాని వ్రాయకపోతే మిగిలినదంతా వ్యర్థం.

మొదటి సంవత్సరం ఒక మనిషి పరిచయమయ్యాడు. ప్రభుత్వ కార్యాలయంలో ఔట్‌సోర్సింగ్ పోస్టు ఉందని, 80,000 రూపాయలు ఖర్చవుతుందని అన్నాడు. పెండ్లినాటి గొలుసు ప్రొద్దుటూరులో కుదువ పెట్టి ఇచ్చాము. నెల తర్వాత ముద్ర వేసిన కాగితం తెచ్చి ఇచ్చాడు. మావాడు ఆ కాగితం పట్టుకొని కడపకు పోయాడు. అక్కడి గుమాస్తా చూసి, “ఇట్లాంటి పోస్టు లేదు బాబూ, నువ్వు మూడోవాడివి” అన్నాడట. ఆ మనిషి ఫోను మళ్లీ పలకలేదు. నలుగురికీ తెలిస్తే నవ్వుతారని పోలీసులకు కూడా చెప్పలేదు. మా తర్వాత ఇంకెందరు మోసపోయారో! మా మౌనానికి అందులో పాలున్నది.

తల్లిదండ్రులారా, ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు, డబ్బు అడగడు. పరీక్ష రుసుము ప్రకటనలో ఉన్నంతే, ఆ సంస్థ చెప్పిన పద్ధతిలోనే కట్టాలి. వెబ్‌సైటు ప్రభుత్వానిదో కాదో చిరునామా చివర చూసి తెలుసుకోవచ్చు. మోసపోతే సిగ్గుపడక ఆ రోజే పోలీసు స్టేషనులో వ్రాసివ్వండి.

కువైట్ వెళ్లేవారికి

మన జిల్లా నుండి కువైట్ వెళ్లినవారు లేని ఊరు అరుదు. వెళ్లడం తప్పు కాదు, తెలియక వెళ్లడమే అపాయం. 1983 వలస చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వంలో నమోదైన ఏజెంటు మాత్రమే మనుషులను పంపాలి. అతడు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. పదవ తరగతి తప్పినవారి పాస్‌పోర్టుకు కువైట్‌తో సహా 18 దేశాలకు పనికి వెళ్లేముందు వలస అనుమతి కావాలి. ఇంటి పనికి ఈ దేశాలకు వెళ్లే స్త్రీలకు 30 సంవత్సరాలు నిండాలి. “విజిట్ వీసాపై పో, అక్కడ మార్పిస్తాం” అంటే నమ్మవద్దు. అనుమతితో వెళ్లేవారికి 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. దొంగదారిన వెళ్లినవారికి అది ఉండదు. ఒప్పందం నకలు ఒకటి ఇంట్లో ఉంచి వెళ్లాలి.

ఇంటివారు, సంఘం

ఉద్యోగం లేని బిడ్డ సోమరి అనుకోవద్దు. వాడు లోలోపల రోజూ తన్ను తాను తిట్టుకుంటూనే ఉంటాడు. మనమూ తిట్టితే ఇక ఎక్కడికి పోతాడు? పక్కింటి పిల్లవాడితో పోల్చి మాట్లాడటం మేము మానుకున్న నాటినుండి మావాడు తన సంగతులు మాకు చెప్పడం మొదలుపెట్టాడు. ఆడపిల్లలకూ ఇదే న్యాయం. “ఎట్లా పెండ్లి చేస్తాం గదా” అని ఆమె దరఖాస్తును ఆపవద్దు.

సంఘానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. వారం పొడుగునా మూసి ఉండే హాలులో సాయంత్రం ఒక దీపం, రెండు బల్లలు, ఒక దినపత్రిక పెట్టించవచ్చు. ఉద్యోగంలో ఉన్నవారు నెలకొకసారి వచ్చి పిల్లలతో ఒక గంట మాట్లాడవచ్చు. పౌలు డేరాలు కుట్టి బ్రతికాడని ప్రసంగాల్లో వింటుంటాము. చేతిపనికి అంత గౌరవం ఇచ్చే మనము, మన పిల్లవాడు అంగట్లో గుమాస్తాగా చేరితే తల దించుకోవడం ఏమి న్యాయం?

మావాడి జీతం ఇప్పుడు 13,000 రూపాయలు. గొలుసు ఇంకా కుదువలోనే ఉంది, వడ్డీ వాడే కడుతున్నాడు. రాత్రిపూట పరీక్షలకు చదువుకుంటున్నాడు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక గుడి ముందర అందరితో నిలబడ్డాడు. ఇంటర్ ముగించిన ఒక పిల్లవాడు పక్క తలుపు గుండా జారుకుంటుంటే చూసి, “అబ్బీ, ఇట్లా రా. నోటు పుస్తకం ఉందా నీ దగ్గర?” అని పిలిచాడు.