ఆర్మ్ కంప్యూటర్లు - లినక్సు ప్యాకేజీలు

నిజామాబాదు జిల్లా రెంజల్ మండలములోని కందకుర్తి యొద్ద గోదావరిలో మంజీర, హరిద్ర నదులు కలియుచున్నవి. గోదావరి తెలంగాణములో ప్రవేశించునది ఇచ్చటనే. ఈ యొడ్డున తెలుగు, ఆవలి యొడ్డున మరాఠీ. రెండు భాషలును వచ్చినవారికి చిక్కు లేదు. కాని మరాఠీ మాత్రమే వచ్చినవానికి తెలుగులో వ్రాసిన ఉత్తరమును పంపినచో ఏమి ప్రయోజనము? ఎంత గట్టి కవరులో పెట్టి లక్కముద్ర వేసినను లోపలి మాట అతనికి బోధపడదు.

కంప్యూటర్లలోను ఇట్టి చిక్కే కలదు. బోధన్ వైపున ఒక ఉన్నత పాఠశాలవారు తక్కువ ఖరీదులో వచ్చునని రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరును కొనిరనుకొందము. అది అరచేతిలో ఇముడును. విద్యుత్తు ఖర్చు స్వల్పము. లినక్సు చక్కగా నడచును. ఉపాధ్యాయుడు తన ల్యాప్‌టాపులో వాడుచున్న రెండు ప్రోగ్రాములను దీనిలో వేయబోయెను. ఒకటి వెంటనే వచ్చినది. రెండవది దొరకనే లేదు. రెండును "ఏ లినక్సులోనైనను నడచును" అని పేరుపొందినవే. మరి లోపమెక్కడ?

ప్రతి ప్రాసెసరు జాతికిని తన ఆదేశముల పట్టిక ఒకటి యుండును. రెండు సంఖ్యలను కూడుమని చెప్పుటకు ఒక జాతిలో ఒక అంకెల వరుస, మరియొక జాతిలో వేరొక వరుస. మనము సాధారణముగా చూచు ల్యాప్‌టాపులలో పెక్కింటి ప్రాసెసర్లు 1978లో వెలువడిన ఇంటెల్ 8086 వంశమునకు చెందినవి. ఆర్మ్ వంశము వేరు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎకార్న్ సంస్థ యందు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన మొదటి ఆర్మ్ చిప్పు 1985లో పనిచేసెను. నేడు మన జేబులోని ఫోనులలో దాదాపు అన్నిటను ఉన్నది ఈ వంశమే. 2012లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై కూడ ఆ కేంబ్రిడ్జి నుండియే వచ్చినది.

ప్రోగ్రామును మనుష్యులు చదువగల భాషలో వ్రాసి, పిమ్మట కంపైలరుచే యంత్రభాషలోనికి మార్చుదురు. చెరకు చేతిలో నున్నచో దానిని గానుగ ఆడించి బెల్లము వండవచ్చును. 2015లో మూతపడిన బోధన్ శక్కర్‌నగర్ కర్మాగారములో వలె పంచదారయు చేయవచ్చును. కాని పంచదారను మరల చెరకుగా మార్చి బెల్లము దింపుట ఎవరి తరము? మూలపాఠము చెరకు. ఇంటెలుకు ఒకమారు, ఆర్మ్‌కు ఒకమారు దానిని వేర్వేరుగ కంపైలు చేయవలసినదే.

ఇక ప్యాకేజీల సంగతి. ప్రతి ప్రోగ్రామునకును లైబ్రరీలనబడు సహాయక భాగములు కావలెను. ఒక లినక్సులో ఆ భాగములు పాతవి, మరొకదానిలో క్రొత్తవి. అందుచే ఒకచోట నడచినది వేరొకచోట నిలిచిపోవుచుండెను. ఈ బాధ తీర్చుటకు పుట్టినవే ఫ్లాట్‌ప్యాక్, స్నాప్. అలెగ్జాండర్ లార్సన్ ఆరంభించిన పథకమునకు ఫ్లాట్‌ప్యాక్ అను పేరు 2016లో వచ్చినది. స్నాప్ ఉబుంటును నడపు కెనానికల్ సంస్థది. ఊరికి పోవువాడు చద్దిమూట వెంట కట్టుకొన్నట్లు, ఈ ప్యాకేజీలు తమకు కావలసిన లైబ్రరీలను తామే తెప్పించుకొనును.

అంతేకాదు. ప్రోగ్రామును ఇసుకపెట్టె వంటి హద్దులో ఉంచి నడపుదురు. సంగమము వద్ద ఇసుకలో ఆడు పిల్లవాడు ఏమి కట్టినను, ఏమి కూల్చినను ఊరిలోని ఇండ్లకు హాని లేదు గదా! అట్లే, సరిగా హద్దు గీచినచో, ప్రోగ్రామునకు తన సొంత గది మాత్రమే కనబడును. మన ఫైలు కావలెనన్నచో పోర్టలు అను ద్వారపాలకుని అడుగవలెను. ఏ ఫైలు ఇయ్యవలెనో మనమే ఎన్నుకొందుము. ఈ గోడలను కట్టునది లినక్సు కెర్నెలే.

అయితే ఈ పెట్టె అనువాదకుడు కాదు. ఇంటెలుకు కంపైలు చేసినది పెట్టెలో పెట్టినంతమాత్రమున ఆర్మ్ భాష మాటలాడదు. ఫ్లాట్‌ప్యాకుల పెద్ద భాండాగారమగు ఫ్లాట్‌హబ్‌లో ఇంటెల్ వంశపు 64 బిట్ల యంత్రములకును, 64 బిట్ల ఆర్మ్‌కును ప్యాకేజీలు విడివిడిగా తయారగుచున్నవి. కర్త వలదని ప్రత్యేకముగ వ్రాయనిచో రెండును తయారగుటయే అచ్చటి పద్ధతి. అందుచే మూలపాఠము బహిరంగముగా నున్న లిబ్రెఆఫీస్, గింప్, విఎల్‌సి వంటివి ఆర్మ్‌కు సులువుగ దొరకును. మూలమును దాచుకొను సంస్థల ప్రోగ్రాములకు ఆ సంస్థ దయయే గతి. ఫైర్‌ఫాక్సు కథ ఇందుకు మంచి ఉదాహరణము. ఆర్మ్ లినక్సునకు దానిని మొజిల్లా తానే తయారుచేసి ఇచ్చుట 2025 మార్చిలో, 136వ కూర్పుతో మొదలైనది. అంతకు చాలా ముందునుండియే డెబియన్ వంటి లినక్సులవారు మూలపాఠమును తీసికొని తామే కంపైలు చేసి పంచుచుండిరి. చెరకు దొరికినది కనుక బెల్లము వండిరి!

పాఠశాలలు తరచుగా పొరబడు చోటు ఒకటి కలదు. చిప్పు 64 బిట్లదైనను దానిపై వేసిన లినక్సు 32 బిట్లది కావచ్చును. రాస్ప్‌బెర్రీ పై సొంత లినక్సులో 64 బిట్ల కూర్పు స్థిరరూపమున వచ్చినది 2022లోనే. పాత మెమరీ కార్డులతో నడచు యంత్రములు ఇంకను ఉండును. ఆర్చిటెక్చరు పేరు ఆర్మ్64 లేక ఎ-ఆర్చ్64 అని యున్నచో సరియే, రెండును ఒకటే. ఆర్మ్‌హెచ్ఎఫ్ అని యున్నచో అది 32 బిట్లది, ఫ్లాట్‌హబ్ దానికి పనికిరాదు. స్నాప్ భాండాగారములో ఆర్మ్‌హెచ్ఎఫ్ ప్యాకేజీలు కొన్ని దొరకును. ఏ ప్రోగ్రాము ఏ జాతికి లభించునో దాని పుటలోనే చూచి, ఆ తరువాతనే యంత్రమును కొనుట మేలు.

ఇంటెల్ ప్రోగ్రామును ఆర్మ్‌పై నడపు దుబాసీలును లేకపోలేదు. ఫాబ్రిస్ బెల్లార్ మొదలిడిన క్యూఎము అట్టిది. ప్రతి ఆదేశమును నడుచుచుండగనే తర్జుమా చేయవలెను గనుక వేగము తగ్గును. చిన్న యంత్రములో అది విసుగు పుట్టించును. కార్డులో చోటును చూచుకొనవలెను. మొదటి ఫ్లాట్‌ప్యాకు వేసినపుడు దానితో వచ్చు ఉమ్మడి లైబ్రరీలకే వందల మెగాబైట్లు పట్టును. తరువాత వేయువాటిలో చాలవరకు ఆ లైబ్రరీలనే వాడుకొనును.

తెలుగు మాట. ఫ్లాట్‌ప్యాకు ప్రోగ్రామునకు యంత్రములోని ఫాంటులు చదువుటకు మాత్రమే అందుబాటులో నుండును, కనుక అక్షరములు సాధారణముగ సరిగానే కనబడును. టైపు చేయుట వేరు. కీబోర్డు ఏర్పాటు పెట్టె గోడను దాటి లోనికి రావలెను. క్రొత్త ప్యాకేజీ వేసిన దినముననే "క్ష్మాపతి", "స్త్రీ" అను రెండు మాటలు అందులో కొట్టి చూచినచో, ఫాంటు, కీబోర్డు రెండును ఒక్కసారే తేలిపోవును.